ఆకు తిప్పి చూడమన్న టీచర్

మా ఐదో తరగతి సైన్సు టీచర్ పోయారన్న కబురు నాకు మోండా మార్కెట్లో అందింది. ఆ సమయానికి నేనొక కరివేపాకు రెబ్బను తలకిందులు చేసి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని, ఆకుల వెనక్కి తొంగిచూస్తున్నాను. పాఠక మహాశయులు నవ్వదలిస్తే ఇక్కడే నవ్వేయండి, ముందు ముందు అవకాశం రాకపోవచ్చు. డిగ్రీ చేతికొచ్చి, పైచదువులో కూడా ఒక కాలు పెట్టినవాణ్ణి. అయినా కరివేపాకు కొనాలంటే ప్రతి రెబ్బా తిప్పి చూడందే సంచిలో వేసుకోలేను.

అమ్మే అక్క అప్పటికే విసిగిపోయి ఉంది.

"ఏం తమ్మీ, కరివేపాకు కొంటున్నవా, పెండ్లిచూపులు చూస్తున్నవా? తీస్కుంటే తీస్కో, లేకుంటే జెర పక్కకు జరుగు."

అప్పుడే ఫోను మోగింది. సరిత. అప్పట్లో మా క్లాసు లీడరు. మాకెవరికీ తెలియకుండా ఆ పదవి ఎప్పుడు రద్దయిందో గానీ, తను మాత్రం ఇంకా కొనసాగుతోంది.

"ఒరేయ్, టీచర్ పోయిన్రురా. పొద్దుగాల. ఆస్పత్రిలనే."

"ఏ టీచర్?" అన్నాను. అడగనక్కర్లేదు. మాకు చాలామంది పాఠాలు చెప్పారు గానీ, వెనకా ముందూ ఏమీ తగిలించకుండా 'టీచర్' అంటే ఒక్కరే.

"గా పురుగుల టీచరేరా," అని సరిత ఏడ్చేసింది.

రెబ్బ చేతిలో అలాగే ఉంది. ఆకు వెనక ఏమీ లేదు. అక్క నా మొహంలో ఏం చూసిందో, కట్ట తనే సంచిలో వేసి, "పో బిడ్డా, ఇంటికి పో" అంది.

'ఇది రాద్దామని కూర్చున్నాను' అని మొదటి వాక్యం రాసి, వెంటనే కొట్టేశాను. అబద్ధం. నేను కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్ళాను, వచ్చాను. కలం మూత తీశాను, పెట్టాను. వంటింట్లో డబ్బాలన్నీ తెరిచి చూశాను. ఏ డబ్బాలోనూ మొదటి వాక్యం దొరకలేదు. కంటితో చూసిందే రాయాలన్నది టీచర్ పెట్టిన నియమం. ఆ నియమం ప్రకారం ఉన్న సంగతి ఇది: ఎదిగిన మనిషొకడు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మధ్యలో ఆగి నాలుగు ముక్కలు రాస్తున్నాడు. మళ్ళీ తిరుగుతున్నాడు.

కుదురు లేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన సొత్తు. బోయిగూడ సందులో, కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు, పైన రెండంతస్తులు, ఇదీ మా బడి. అందులో నా కాళ్ళను ఏం చేయాలన్నది ఉపాధ్యాయ వర్గానికి పెద్ద సమస్యగా ఉండేది. తెలుగు సారు బెంచీ ఎక్కించేవారు. లెక్కల సారు బయట నిలబెట్టేవారు. సోషల్ మేడమ్ పాపం మంచి మనిషి, సుద్దముక్కలు తెమ్మని పంపేవారు. సుద్దముక్కల కోసం నేను నడిచిన నడకంతా ఒకే దిక్కున నడిచుంటే ఏ వరంగల్లోనో తేలేవాణ్ణి.

టీచర్ గుంటూరు వైపు మనిషి. పెళ్ళయి సికింద్రాబాదు వచ్చారు. వచ్చి ఎన్నేళ్ళయినా మాట మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. మేం 'గట్ల', 'గిట్ల' అంటే నవ్వేవారు, ఆవిడ 'అట్టాగా' అంటే మేం నవ్వేవాళ్ళం. లెక్క సరిపోయేది. మొదటి రోజే నా ముందు ఆగారు.

"అబ్బాయ్, నీ కాళ్ళ కింద నిప్పులేమైనా ఉన్నాయా?"

"లేవు టీచర్."

"మరెందుకా గెంతడం?"

"తెల్వది టీచర్."

"తెలీదన్నావు చూడు, అది బావుంది. చాలామంది ఏదో ఒకటి చెప్పేస్తారు," అని నా పుస్తకాల సంచి తీసి, వెనక గోడ పక్కనున్న బల్ల మీద పెట్టారు. "నువ్వు కూర్చోలేవు. ఇవీ కూర్చోవు. మీరూ మీరూ చూసుకోండి."

'ఇవి' అంటే పురుగులు. ఊరగాయ సీసాలు, మూతికి పల్చటి గుడ్డ, గుడ్డకు రబ్బరు బ్యాండు. ఒక సీసాలో చీమలు, ఒకదాంట్లో పెంకుపురుగు, ఒకదాంట్లో ఎవరో తెచ్చిన మిడత. కిటికీ పక్కన పాత రంగుడబ్బాలో ఒక కరివేపాకు మొక్క. అది టీచర్ ఇంటి మొక్క, మా క్లాసుకు చుట్టపుచూపుగా వచ్చింది. ఆ బల్ల దగ్గర నిలబడొచ్చు, తిరగొచ్చు, వంగొచ్చు, ఇటు నుంచి చూసి మళ్ళీ అటు నుంచి చూడొచ్చు. ఇంకెక్కడ చేసినా తన్నులు పడే పనులన్నీ అక్కడ చదువు కింద లెక్క. బడి మొత్తంలో నాకు అచ్చొచ్చిన చోటు ఏదైనా ఉంటే అదొక్కటే.

నల్లబల్లకు కుడి మూల ఒక చదరం గీసి, పైన 'ఈ రోజు చూసింది' అని రాసేవారు. అందులో ఎవరైనా రాయొచ్చు, చూసుంటే. సరిత ఒకసారి 'చీమలు కలిసిమెలిసి పనిచేయును' అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

"ఎక్కడ చూశావమ్మా?" అన్నారు టీచర్.

"బుక్కుల ఉంది టీచర్."

"బుక్కు చూసిందేమో. నువ్వు చూసొచ్చి రాయి."

సరిత అలిగి చీమల ముందు కూర్చుంది. ఇంటర్వెల్ అయ్యాక చదరంలో కొత్త వాక్యం వెలిసింది: 'రెండు చీమలు ఒక బెల్లం ముక్కను చెరో వైపు లాగుతున్నవి. ముక్క కదలడం లేదు.' టీచర్ అది చదివి ఎంత మురిసిపోయారంటే, చెరపడానికి డస్టర్ ఎత్తిన లెక్కల సారుతో పోట్లాడారు.

ఇంకో నియమం ఉండేది. పొద్దున తెచ్చిన ప్రాణిని సాయంత్రం తెచ్చిన చోటే దించి రావాలి. మావాడొకడు బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి దగ్గర పట్టిన పెంకుపురుగును తెచ్చాడు. సాయంత్రం దాన్ని బడి గోడ మీద వదిలేయబోతే టీచర్ చెయ్యి పట్టుకున్నారు. "నిన్నెవరైనా గుంటూర్లో దింపేసి పోతే ఇంటికి రాగలవా?" వాడు మూతి ముడుచుకుని బన్సీలాల్‌పేట్ దాకా నడిచాడు. మర్నాడు వాళ్ళమ్మ బడికొచ్చింది. "గిదేం చదువమ్మా! పిల్లగాడు ఇంటికి రాలే అని మేం పరేషాన్ల ఉంటే, పురుగును ఇంటికాడ దిగబెట్టనీకి పోయిండట!"

ఈ ఫిర్యాదు విన్నవారు మా హెడ్మాస్టరు గారు. ఆయన చెడ్డవారు కాదు. బడి బాగుండాలని కోరుకున్నవారే. కాకపోతే బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కేవారు. ఆ వారమే మా క్లాసుకొచ్చి, బల్లకు ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో నిలబడి అన్నారు:

"టీచరమ్మా, గిది బడా, పురుగుల దుకాణమా? వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉన్నది. గా కరివేపాకు మీద పురుగు సీతాకోకచిలుక అయితదన్నరు గద. ఆ దినం పెద్దసారు ముంగట అది ఎగరాలె. ఎగిరిందా, బల్ల ఉంటది. లేదా, స్టోర్ రూముకు పోతది. పిల్లలు సుత బెంచీలల్ల బుద్ధిగ కూసోవాలె." చివరి మాట నన్ను చూసి అన్నారు.

అదండీ నా భవిష్యత్తు! ఒక పురుగు వీపున ఎక్కి కూర్చుంది.

ఆ పురుగును మేం గుడ్డు నుంచీ ఎరుగుదుం. ఆకు వెనక ఆవగింజంత గుడ్డు. పుట్టినప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండేది. "ఎవరూ తినకుండా ఉండాలంటే ఏ వేషం కడితే మేలు?" అని టీచర్ అడిగితే క్లాసంతా ఛీ ఛీ అంటూనే ఒప్పుకుంది. తర్వాత ఒళ్ళంతా ఆకుపచ్చ. నేను పుల్లతో పొడిస్తే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి చాపి, కంపు కొట్టింది.

"నిన్నెవరైనా అలా పొడిస్తే నువ్వేం చాపుతావు?" అన్నారు టీచర్.

"నాలుక, టీచర్."

"అదీ అదే చేసింది. తప్పెవరిది?"

ఇన్‌స్పెక్షన్ ఇంకా పది పన్నెండు రోజులుందనగా పురుగు తిండి మానేసి, నడుముకు దారం కట్టుకుని, ఒంటి చుట్టూ పెంకు చేసుకుని కొమ్మకు అంటుకుపోయింది. ప్యూపా అంటారని పుస్తకంలో ఉంది. ఇక కదలదు, మెదలదు. నాలాంటివాడికి అంతకు మించిన శిక్ష ఉందా? చీమలైతే ఆడిస్తాయి. ఇది చూస్తూ ఉండమంటుంది, ఏమీ చూపించదు. బల్ల చుట్టూ తిరిగాను. కొమ్మను కొలిచాను. దానికి నా గురించి చెప్పుకున్నాను. 'జెర జల్ది రావే' అని బతిమాలాను. ఒక ఉదయం పెంకు రంగు మారి నల్లబడింది. 'వస్తోంది, వస్తోంది' అని క్లాసంతా ఎగిరింది. వార్త హెడ్మాస్టరు గారికి చేరింది. ఆయన మూడో తరగతి ఆడపిల్లలకు రంగు కాగితాల రెక్కలు కట్టించి స్వాగత నృత్యం మొదలుపెట్టించారు. డ్రాయింగు సారు మా నల్లబల్ల మీద రంగు సుద్దలతో బండిచక్రమంత సీతాకోకచిలుకను గీశారు. 'ఈ రోజు చూసింది' అన్న చదరం ఆ కుడిరెక్క కింద పడి నలిగిపోయింది. టీచర్ అది చూశారు. తడిగుడ్డ తెచ్చి, రెక్కలో ఆ చదరమంత మేర తుడిచేశారు.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే సరిత కేక.

"టీచర్! గివేందీ?"

పెంకుకు పక్కన గుండుసూదితో పొడిచినంత చిల్లు. ఆ చిల్లులోంచి ఒక్కొక్కటే, ఆవగింజంత రెక్కల పురుగులు. నల్లగా ఉండి, ఎండ తగిలితే పచ్చగా మెరుస్తున్నాయి. ఒకటి, దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి, సినిమా వదిలినట్టు వస్తూనే ఉన్నాయి. మా సీతాకోకచిలుక లేదు. ఎప్పుడో పోయింది.

టీచర్ మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. బాధపడతారనుకున్నాను. ఆవిడ చెప్పులు వదిలేసి, కొంగు నడుముకు దోపి, భూతద్దం కోసం బ్యాగంతా బల్ల మీద బోర్లించారు. "ఊదకండి! ఎవరూ గట్టిగా ఊపిరి వదలకండి! కందిరీగ జాతిరా ఇవి. పెంకు మెత్తగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ వచ్చి లోపల గుడ్లు పెట్టిపోయింది. అబ్బా, ఎన్ని!" ఆవిడ కుడికాలు టకటకా ఆడుతోంది. నా కాలిలాగే. ఆ రోజు దాకా నేనది గమనించలేదు. మా టీచర్ కూడా కుదురుగా నిలబడలేని మనిషే.

పిల్లలు ఏడుస్తున్నారు. ఒకడు ముక్కు తుడుచుకుంటూ, "టీచర్, గట్ల లోపల లోపలే తినేస్తె దేవుడు ఊకుంటడా?" అన్నాడు.

"నాకు తెలీదమ్మా. నేను సైన్సు టీచర్ని. ఆదివారం మా చర్చికొచ్చి పాస్టరయ్యగార్ని అడుగు. ఆయనేమన్నాడో నాక్కూడా చెప్పు."

హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు. సంగతి విని తల పట్టుకుని, మళ్ళీ పరుగున వెళ్ళి, కాసేపటికి ఒక సీసాతో వచ్చారు. అందులో పసుపుపచ్చ సీతాకోకచిలుక. ఏ తోటలో పట్టించారో.

"పెద్దసారు మెట్లు ఎక్కుతున్నరు. దీన్ని కొమ్మ మీద ఇడిస్తె అయిపాయె."

"అది ఇందులోంచి రాలేదు కదండీ సార్."

"ఆయనకేం తెలుస్తదమ్మా?"

"పిల్లలకు తెలుసుగా."

అంతే అన్నారు. గొంతు పెంచలేదు. హెడ్మాస్టరు గారు సీసాను వీపు వెనక దాచుకున్నారు. పెద్దసారు లోపలికొచ్చారు. నల్లబల్ల మీది రంగుల రెక్కలను మెచ్చుకున్నారు. ఆ తర్వాత, ఇంతమంది బుద్ధిమంతులు బెంచీల్లో కూర్చుని ఉండగా, బల్ల దగ్గర నిలబడి కాలు ఆడిస్తున్న ఏకైక శాల్తీ వైపు తిరిగారు.

"ఏం బాబూ, మీ సీతాకోకచిలుక ఏదీ?"

హెడ్మాస్టరు గారు వీపు వెనక నుంచి సీసా అంచు నాకు చూపించారు. వేలు పెట్టి చూపిస్తే చాలు. బల్ల ఉంటుంది, నేను తిరిగే చోటు ఉంటుంది. టీచర్ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. తలూపలేదు, కనుబొమ్మ ఎగరేయలేదు. కొమ్మ వైపే చూస్తున్నారు, ఇంకా ఏమైనా వస్తున్నాయేమోనని.

"రాలే సార్," అన్నాను. "కందిరీగలొచ్చినై. సీతాకోకచిలుకను తినేసినై. గా చిల్లులకెల్లి ఇంకా వస్తున్నై, చూస్తరా?"

ఇందులో నా ధర్మనిష్ఠ ఏమీ లేదని మనవి. నాకు కాళ్ళు ఎలాంటివో నోరూ అలాంటిదే. అంత గొప్ప వింతను చూసి దాచుకోవడం నా వల్ల కాదు.

పెద్దసారు వంగి చూశారు. "ఓహో" అన్నారు. "ఇది పరీక్షలో వస్తుందా టీచర్?" అన్నారు. "రాదండీ" అన్నారు టీచర్. "మరి..." అని ఆయన వాక్యం పూర్తిచేయకుండానే కింద కాగితపు రెక్కల నృత్యానికి వెళ్ళిపోయారు. సాయంత్రానికి బల్ల స్టోర్ రూముకు చేరింది. కథల్లోలా ఎవరి మనసూ మారలేదు.

ఆ సాయంత్రం టీచర్ రంగుడబ్బా మొక్కను చంకనెత్తుకుని మెట్లు దిగుతుంటే, సీసాలు మోస్తూ నేను వెనక నడిచాను. నాకు ఏడుపొస్తోంది.

"రేపట్నించి బెంచీనా టీచర్?"

"బల్ల పోయింది గానీ, ఆ సంగతి పురుగులకు తెలీదు కదరా," అన్నారు. "శనివారం మా ఇంటికి రా. కిటికీ ఉంది."

శనివారం నేనొక్కణ్ణే వెళ్ళాను. తర్వాతి శనివారం సరిత వచ్చింది, లీడరు హోదాలో. ఆ తర్వాత సందంతా పిల్లలే. మా తర్వాతి క్లాసు వాళ్ళు, వాళ్ళ తర్వాతి వాళ్ళు. నేను కాలేజీకి వెళ్ళాక కూడా దారిలో ఆగేవాణ్ణి. ఆవిడ "ఏం నేర్చుకున్నావు" అని ఎప్పుడూ అడగలేదు. "ఏం చూశావు?" అనేవారు. మోండా మార్కెట్లో అక్క ఏమన్నా నేను ఆకు తిప్పి చూసేది అందుకే. అడిగితే చెప్పడానికి.

మర్నాడు టీచర్ సమాధి దగ్గర నుంచి వచ్చాక, వాళ్ళ ఇంటి ముందు శామియానా కింద ప్రార్థన కూడిక పెట్టారు. వరసగా లేచి ఒక్కొక్కరూ మాట్లాడారు. "ఎంతో నెమ్మదస్తురాలు," అన్నారొకరు. "నిదానమే ఆమె ఆభరణం," అన్నారింకొకరు. నేను శామియానా గుంజ చుట్టూ తిరుగుతున్నాను. సరిత డొక్కలో పొడిచింది. "నువ్వు మాట్లాడుపోరా. గిట్ల తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నై."

వెళ్ళి నిలబడ్డాను. "మా టీచర్ నెమ్మదస్తురాలు కాదు," అన్నాను. కుర్చీలు కిర్రుమన్నాయి. "ఒక్క చోట నిలబడేవారు కాదు. పురుగు కనిపిస్తే చెప్పులు వదిలేసేవారు. చూడని మాట చెబితే తిట్టేవారు. నన్ను చాలాసార్లు తిట్టారు." అంతే చెప్పి మళ్ళీ గుంజ దగ్గరికి నడిచాను. ముందు వరసలో టీచర్ గారి భర్త, మేం అంకుల్ అంటాం, నవ్వారు. కన్నీళ్ళు తుడుచుకుంటూనే నవ్వి, "నిజమే బాబూ" అన్నారు.

తర్వాత ఆయన నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. అదే మొక్క కాదు గానీ, అదే రకం రంగుడబ్బా. కరివేపాకు కొమ్మ మీద ఒక ప్యూపా.

"ఆస్పత్రిలో రోజూ అడిగేది. దాని రంగు మారిందా, మారిందా అని. నాకేం తెలుస్తుంది? నిన్న మారినట్టుంది. చెబుదామని వెళ్ళేసరికి..."

నల్లబడింది. లోపల రెక్కలు తయారైనా ఇలాగే నల్లబడుతుంది. కందిరీగలు తయారైనా ఇలాగే నల్లబడుతుంది.

వెనక చేతికర్ర చప్పుడయింది. హెడ్మాస్టరు గారు. ఎప్పుడో రిటైరయ్యారు, బాగా చిక్కిపోయారు.

"ఏందిరా, నువ్వింకా కూసోలేదా?" అన్నారు. ఆ తర్వాత మొక్కను చూశారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, జీవితంలో మొదటిసారి అంత దగ్గరగా వంగారు.

"ఇందులకెల్లి ఏమొస్తది?"

"తెల్వది సార్."

ఆయన కర్ర మీద ఇంకాస్త వంగారు. "సీతాకోకచిలుకనే వస్తది అనొచ్చు గదరా," అన్నారు మెల్లగా. "ఇయ్యాల ఒక్కనాడన్నా."

అనాలనే ఉంది. నోటిదాకా వచ్చింది. అంకుల్ కూడా నా వైపే చూస్తున్నారు. నేను ఆకు తిప్పి, కొమ్మ తిప్పి, పెంకు చుట్టూ చిల్లేదైనా ఉందేమోనని చూశాను. ఇంకా లేదు.

"చూద్దాం సార్," అన్నాను.

హెడ్మాస్టరు గారు తలూపారు. శామియానా కింద నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తనే ఈడ్చుకొచ్చి, రంగుడబ్బాకు ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. ఉక్కగా ఉంది. చేతిలో మడిచిన పేపరుతో విసురుకోబోయి, ఆకు కదలడం చూసి, గబుక్కున ఆపేసి, పేపరును మోకాలి మీద పెట్టుకున్నారు. ఆయన నుదుటి మీంచి చెమట కారుతోంది. తుడుచుకోవడం లేదు. కళ్ళు కొమ్మ మీదే ఉన్నాయి. కింద, చెప్పులోంచి బయటికొచ్చిన ఆయన కుడిపాదం, ఆయనకు తెలియకుండానే, టకటకా ఆడుతోంది.